కోడిపిల్లలో పిల్ల, పిల్లకాలువలో పిల్ల

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఎనిమిదేళ్ళ బాబు సెలవులకి పాలకొల్లు అమ్మమ్మగారింటికి వెళ్ళాడు. దొడ్లో కోడిపిల్లల్ని చూసి, "ఇంగ్లీషులో కోడికి చిక్, బాతుకి డక్లింగ్ అని వేరే వేరే పేర్లున్నాయి. తెలుగులో అన్నిటికీ పిల్లేనా? మరి పిన్నిని కూడా అమ్మమ్మ మా పిల్ల అంటుందేంటి?" అని అడిగాడు. మీరు జవాబు చెప్పలేకపోయారు. మన భాషలో పక్షిపిల్లకి సొంత మాట లేదా, ఉన్న ఒక్క మాటా ఇన్నిచోట్ల ఎందుకు తిరుగుతోంది అని ఇక్కడ అడిగారు.

సొంత మాట ఉందండి. అది పిల్లే. ఇన్నిచోట్ల తిరుగుతోందంటే మనకి మాటలు తక్కువై కాదు. నేను 31 ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. మాది అమలాపురం దగ్గర పంటకాలువ గట్టున ఉన్న పల్లె. చిన్నప్పటినుంచీ ఇంట్లో కోళ్ళూ బాతులూ ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. ఈ మాట గురించి నాకు తెలిసిందాంట్లో పుస్తకాల్లోంచి వచ్చింది కొంచెమే. ఎక్కువ భాగం మా అమ్మ దగ్గర, దొడ్లో నేర్చుకున్నదే.

అందుకే గుడ్డు దగ్గర మొదలుపెడతాను. పెట్ట గూడు వదలకుండా, ఈకలు ఉబ్బించుకుని, చెయ్యి పెడితే పొడుస్తూ కూర్చుందంటే పొదుగుకి వచ్చిందన్నమాట. మా అమ్మ తట్టలో ఊక పోసి, పైన వరిగడ్డి సర్ది, పదకొండు గుడ్లు పెట్టి దాన్ని కూర్చోబెట్టేది. దీన్నే పొదగెయ్యడం అంటాం. కోడిగుడ్డుకి 21 రోజులు, బాతుగుడ్డుకి 28. ఏడో రోజు రాత్రి టార్చిలైటు మీద గుడ్డు పెట్టి చూస్తే లోపల ఎర్రటి సన్నటి నరాలు సాలెగూడులాగా కనిపిస్తాయి. ఏమీ కనిపించని గుడ్డుని తీసేసేవాళ్ళం. ఉంచితే మురిగిపోతుంది.

ఇరవయ్యో రోజున అమ్మ ఒక్కో గుడ్డూ తీసి నా చెవి దగ్గర పెట్టేది. వెచ్చగా ఉండేది. మొదట ఏమీ వినపడదు. ఊపిరి బిగబట్టి కాసేపు ఆగితే లోపల గోటితో గీకినట్టు చిన్న చప్పుడు, ఆ తర్వాత సన్నగా కియ్ మని. పైన కూర్చున్న పెట్ట కూడా గొంతులోనే గుర్రుమంటూ దానికి బదులిస్తుంది. అంతవరకూ "గుడ్డు" అంటున్న అమ్మ అప్పుడు "పిల్ల కూస్తోంది" అనేది. పెంకు ఇంకా చిట్లలేదు, పిల్ల కంటికి కనపడలేదు. అయినా ఆ క్షణంలో గుడ్డు అన్న పేరు పోయి పిల్ల అన్న పేరు వచ్చేసింది. పుట్టుకకి ముందే పిలిచిన పేరది. ఈ మాట గురించి ఏం చెప్పాలన్నా నాకు ముందు ఆ వెచ్చటి గుడ్డే గుర్తొస్తుంది.

మర్నాడు చూస్తే పెంకు మీద ఒకచోట చిన్న బీట. పిల్ల ముక్కు కొసన ఆవగింజలో సగమంత తెల్లటి గట్టి పొక్కు ఉంటుంది. దాంతోనే పెంకు పొడిచి పొడిచి బయటికొస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఆ పొక్కు రాలిపోతుంది. మీ బాబుకి ఈసారి అప్పుడే బయటికొచ్చిన పిల్ల దొరికితే దాని ముక్కు దగ్గరగా చూడమనండి. తొలిరోజు మేత పెట్టక్కర్లేదని కూడా చెప్పండి. గుడ్డులోని పచ్చసొన పిల్ల కడుపులోకి వెళ్ళి ఉంటుంది, అది రెండు మూడు రోజులకి సరిపోతుంది. ఆ తర్వాత నూకలు. రెండు నెలలు దాటాక తురాయి, తోక చూసి ఇది పెట్టపిల్ల, అది పుంజుపిల్ల అని తెలుస్తుంది. ఇంకొన్నాళ్ళకి పిల్ల అన్న మాట ఊడిపోయి పెట్ట, పుంజు మిగులుతాయి.

ఇప్పుడు వేరే వేరే పేర్ల సంగతి. ఇంగ్లీషు పిల్లల పేర్లు మారుస్తుంది. తెలుగు ఎక్కువగా పని మాటలు మారుస్తుంది. మనిషి బిడ్డని కంటుంది. ఆవు, గేదె ఈనతాయి. పిల్లి, కుక్క పిల్లల్ని పెడతాయి. కోడి గుడ్డు పెడుతుంది, పొదిగి పిల్లల్ని చేస్తుంది. వీటిలో ఒకదాని బదులు ఇంకొకటి వాడితే మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. "కోడి ఈనింది" అన్నవాడు ఊరివాడు కాదని వెంటనే తెలిసిపోతుంది. డెల్టాలో ఈ ఈనడం వరికి కూడా ఉంది. చేను పొట్ట మీద ఉంది, పొట్ట విప్పింది, ఈనుతోంది, పాలు పోసుకుంది అంటాం. ఆవుకి చెప్పే మాటలే వరికీ చెబుతాం. అయినా కంకిని మాత్రం వరి పిల్ల అనం. అరటి దుంప పక్కన లేచేదాన్నీ పిల్ల అనం, పిలక అంటాం. పక్కనున్న పెద్దదాన్ని మాత్రం తల్లి చెట్టే అంటాం. ఎక్కడ పిల్ల అనాలో ఎక్కడ అనకూడదో మా రైతులకి ఎవరూ నేర్పలేదు, ఎవరూ తప్పరు.

పక్షుల్లో మాత్రం తేడా లేకుండా అన్నిటికీ పిల్లే. కాకిపిల్ల, పిచ్చుకపిల్ల, చిలకపిల్ల, గువ్వపిల్ల, కొంగపిల్ల, బాతుపిల్ల. కొల్లేరు పక్కన ఆటపాకలో గూళ్ళు కట్టే గూడబాతుకీ (ఇంగ్లీషులో పెలికన్) అంతే. దాని పిల్ల మన కోడిపెట్ట కంటే పెద్దగా ఉన్నా అది పిల్లే. జంతువుల దగ్గరికొస్తే భాష చెయ్యి విప్పింది. ఆవుకి, గేదెకి దూడ. ఏనుగుకి గున్న. కుక్కకి, పులికి పిల్ల అన్నా సరే, కూన అన్నా సరే. కూన అన్నమాటలో కొంచెం జాలి ఉంటుంది, పసికూన అంటే చాలు మనసు కరుగుతుంది. మేకకి, గొర్రెకి, పందికి మళ్ళీ పిల్లే. మావైపు కోడికూన అన్నమాట నేను వినలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పిల్ల అన్న మాటకి అర్థం ఎంత ముఖ్యమో, అది ఎక్కడ నిలబడిందన్నదీ అంతే ముఖ్యం. ప్రాణి పేరు తర్వాత వస్తే ఒకటి, ముందు వస్తే ఇంకొకటి. రెండు సామెతలు తీసుకోండి. "కాకిపిల్ల కాకికి ముద్దు." "పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ." రెంటిలోనూ అదే కాకి, అదే పిల్ల. మొదటిదాంట్లో పిల్ల వెనక తల్లి ఉంది. కాకికి పుట్టిన పిల్ల. ఎవరికి ముద్దు అన్న ప్రశ్న వచ్చింది కాబట్టి తల్లి లేకుండా ఆ సామెత నడవదు. రెండోదాంట్లో తల్లి ఎక్కడా లేదు. అక్కడున్నది వయసు చాలని కాకి. ఉండేలు పట్టుకున్న కుర్రాణ్ణి ఎప్పుడూ చూడనిది, దెబ్బ తినంది. కాకిపిల్లకి రెక్కలు ఇంకా రాలేదు, గూట్లో ఉంటుంది. పిల్లకాకి ఎగురుతూనే ఉంటుంది, లోకం తెలీదంతే. ఈ రెండూ తారుమారు చేసి చూడండి. "కాకిపిల్లకేం తెలుసు ఉండేలు దెబ్బ" అంటే సామెత చప్పబడిపోతుంది, ఎందుకంటే గూట్లో ఉన్నదాన్ని ఉండేలుతో ఎవరు కొడతారు?

పదో తరగతి పిల్లలకి సమాసాలు చెప్పేటప్పుడు నేను ఈ రెండు సామెతలే బోర్డు మీద రాసేవాణ్ణి. కాకి యొక్క పిల్ల అంటే షష్ఠీ తత్పురుష. పిల్లదైన కాకి అంటే విశేషణ పూర్వపద కర్మధారయం. ఈ పేర్లు పరీక్ష అయ్యాక మర్చిపోతారు. కాకుల్ని మాత్రం మర్చిపోలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత బస్టాండులో కనపడి "మాస్టారూ, పిల్లకాకి" అని నవ్వినవాళ్ళున్నారు.

పిల్ల ముందుకొస్తే చిన్నది, పెద్దదాన్నుంచి చీలింది, పూర్తిగా ఎదగనిది అన్న అర్థాలు వస్తాయి. పిల్లగాలి అంటే సన్నటి గాలి. తల్లివేరు నుంచి పక్కలకి పోయేవి పిల్లవేళ్ళు. మా డెల్టా మొత్తం బతికేది పిల్లకాలువల మీద. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక ఈ కాలువలన్నీ సాగాయి. ఇప్పుడు దాదాపు 10 లక్షల ఎకరాలకి నీళ్ళందుతున్నాయి. పెద్ద కాలువలోంచి తూము ద్వారా పిల్లకాలువలోకి, దాన్నుంచి బోదెలోకి, బోదెలోంచి చేలోకి. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. మళ్ళీ వదిలిన రోజున నీళ్ళు పెద్ద కాలువకి వచ్చాయంటే ఎవరూ సంబరపడరు. "పిల్లకాలువకి వచ్చాయా?" అని అడుగుతారు. నాట్లు పడేది దాన్నిబట్టే. ఇంజనీర్ల కాగితాల్లో వాటికి వేరే పేర్లున్నాయి, కానీ గట్టు మీద నిలబడి ఆ పేర్లు పలికిన రైతుని నేను చూడలేదు.

మనుషుల దగ్గరికొస్తే ఇంకో చిత్రం ఉంది. ఒక్కరైతే పిల్ల అంటే ఆడపిల్లే. మగవాడైతే పిల్లవాడు, పిల్లోడు అనాలి. అదే మాట బహువచనం అయ్యేసరికి ఆడ మగ తేడా పోతుంది. "మాకు ఇద్దరు పిల్లలు" అంటే ఇద్దరూ అబ్బాయిలు కావచ్చు. మీ అబ్బాయి అడిగిన చిక్కు ముడి ఇక్కడే ఉంది. "పిల్ల వచ్చింది" అంటే కోడిపిల్లా, పిన్నా? తెలుగులో ఒక్క ఆడమనిషి చేసిన పనికీ, ఒక్క పక్షి చేసిన పనికీ క్రియ ఒకటే, వచ్చింది. అందువల్ల ఆ ఒక్క వాక్యంలో తేల్చలేం. మాట్లాడేవాళ్ళు ఎటు చూస్తున్నారో చూడాలి. ఇద్దరు ముగ్గురైతే చిక్కు దానంతట అదే విడిపోతుంది. "పిల్లలు వచ్చారు" అంటే మనుషులు. "పిల్లలు వచ్చాయి" అంటే కోడిపిల్లలో మేకపిల్లలో. చివరి అక్షరం దాకా వింటే చాలు.

మా అమ్మ మాత్రం ఈ వ్యాకరణాన్ని పాటించేది కాదు. సాయంత్రం కోళ్ళు గూటికి చేరే వేళ, గంప పైకెత్తి పట్టుకుని లెక్కపెట్టుకుంటూ "తొమ్మిదిమంది వచ్చారు, ఇంకోళ్ళు రావాలి" అనేది. తొమ్మిది వచ్చాయి అనేది కాదు. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒకసారి "అమ్మా, తొమ్మిది వచ్చాయి అనాలి" అన్నాను. "నీకు అవి లెక్క, నాకు పిల్లలు" అంది. వ్యాకరణ పుస్తకం నా చేతిలో ఉంది, కానీ ఆ రోజున భాష తెలిసింది ఆవిడకే. ఆ పదోది కాలువగట్టు మీద కలబంద పొదలో దొరికింది.

ఆడవాళ్ళని పిల్ల అనడం గురించి కూడా అడిగారు కాబట్టి చెబుతాను. ఇంట్లో పెద్దవాళ్ళు ముప్పై ఏళ్ళ కూతుర్ని "మా పిల్ల" అంటే అందులో ముద్దు ఉంది. కాకిపిల్లలో ఉన్న తల్లి అక్కడ కూడా ఉంది. పెళ్ళి మాటల్లో ఇది ఇంకా గట్టిగా ఉంది. పిల్లని చూడ్డానికి వెళ్ళడం, పిల్లనివ్వడం, పిల్లనిచ్చిన మామగారు. అక్కడ పిల్ల అంటే పెళ్ళికూతురు, ఎవరిదో ఒకరి కూతురు. అదే మాట ఆఫీసులో పనిచేసే ఆడమనిషి గురించి బయటివాడు "ఆ పిల్ల" అంటే చెడ్డగా వినిపిస్తుంది. ఎందుకంటే అక్కడ తల్లి లేదు, చిన్నది అన్న అర్థం ఒక్కటే మిగిలింది. పిల్లకాకిలో ఉన్న తక్కువచూపు వచ్చేస్తుంది. మీ బాబుకి ఈ తేడా ఇప్పటినుంచే తెలిస్తే మంచిది. పిన్నిని అమ్మమ్మ పిల్ల అనొచ్చు, వాడు అనకూడదు.

చేపలు, రొయ్యల దగ్గర ఈ మాట ఇంకో దారి పట్టింది. భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతులు మాట్లాడుకునేది వినండి. "ఎకరాకి ఎంత పిల్ల వేశారండీ?" "పిల్ల బాగుందా?" "ఈసారి పిల్ల నిలబడలేదు." వేలల్లో, లక్షల్లో ఉన్నా పిల్లలు అనరు, పిల్ల అనే అంటారు. వడ్లు, ఇసుక అన్నట్టు మొత్తాన్నీ కలిపి ఒక సరుకుగా పిలుస్తారు. రొయ్యపిల్లని సీడు అని కూడా అంటారు, హేచరీ నుంచి కవర్లలో ఆక్సిజన్ నింపి తెస్తారు. ఆ మాటలో తల్లి కనపడదు. నాకు ఇది వినడానికి కొంచెం కష్టంగానే ఉంటుంది, కానీ తప్పు అనలేను. లక్ష పిల్లకి తల్లి ఎవరని అడుగుతాం? అదే రైతు ఇంటికెళ్ళి కోళ్ళకి నూకలు చల్లేటప్పుడు "పిల్లలు తిన్నాయా?" అంటాడు. ఎక్కడ సరుకో ఎక్కడ సంసారమో వాడి నాలుకకి తెలుసు. చేపపిల్లకి ఈత నేర్పాలా అన్న సామెతలో ఉన్న చేపపిల్ల మాత్రం పాత చేపపిల్ల. దానికి తల్లి ఉంది, వంశం ఉంది.

ఈ మాట ఎంత పాతదో కూడా చెప్పాలి. తమిళంలో ఇది పిళ్ళై. తమిళంలో దొరుకుతున్న వ్యాకరణాల్లో అతి పాతదైన తొల్కాప్పియంలో, ఏ ప్రాణి పిల్లని ఏమనాలో చెప్పే ఒక భాగం ఉంది. ఎగిరేవాటి పిల్లలకి రెండు పేర్లు చెప్పింది, పార్ప్పు, పిళ్ళై. పాకేవాటికీ అవే. మొక్కలకి కూడా పిళ్ళై అనొచ్చంది. మనుషుల బిడ్డలకి మాత్రం కుళవి, మకవు అన్న రెండే మాటలు తగినవంది. అంటే ఆ వ్యాకరణం రాసినవారి లెక్కలో ఈ మాట ముందు పక్షులది. నేను దీన్ని మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి దొడ్లోకి వెళ్ళి కోళ్ళని చూస్తూ కూర్చున్నాను. మనిషి పిల్ల నుంచి కోడికి పేరు వచ్చిందని అంతవరకూ అనుకున్నాను. కోడి దగ్గర్నుంచే మనం తెచ్చుకున్నామేమో అనిపించింది. తమిళులు కొబ్బరి మొక్కని ఇప్పటికీ తెన్నంపిళ్ళై అంటారు. మనుషుల పేర్ల చివర పిళ్ళై గౌరవంగా నిలబడింది. సంగీతం నేర్చుకునే పిల్లలు మొదట పాడే పిళ్ళారి గీతాల్లో పిళ్ళారి అంటే వినాయకుడు, అదీ ఈ కుటుంబంలోదే.

సంస్కృతం వైపు చూస్తే అమరకోశం జంతువుల, పక్షుల పిల్లలకి ఒకేచోట ఏడు మాటలు ఇచ్చింది. పోతము, పాకము, అర్భకము, డింభము, పృథుకము, శావకము, శిశువు. ఏడూ తెలుగుకి వచ్చాయి, కానీ ఒక్కటి కూడా దొడ్లోకి రాలేదు. శావకం శాబకమై కావ్యాల్లో చిలకల దగ్గర ఆగిపోయింది. అర్భకుడు అంటే ఇప్పుడు బక్కవాడు. డింభకం సైన్సు పుస్తకంలో లార్వా అయింది. శిశువు ఆసుపత్రికి వెళ్ళింది. పృథుకాలు అంటే అటుకులు కూడా, కుచేలుడు కృష్ణుడికి తీసుకెళ్ళినవి అవే. ఒకే మాటకి అటుకులూ పసిపిల్లా రెండూ అర్థాలు. నాకు ఎంతో ఇష్టమైన మాట అది, కానీ దాంతో కోడిపిల్లని పిలవలేను.

ఇంకో సామెత మీ బాబుకి తప్పకుండా నచ్చుతుంది. "గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట." నిన్నమొన్న వచ్చినవాడు అనుభవం ఉన్నవాణ్ణి ఎగతాళి చేస్తే అంటాం. ఇందులో పిల్ల పెద్దది! అన్నిచోట్లా చిన్నతనానికి గుర్తుగా ఉండే మాట, గుడ్డు పక్కన నిలబడేసరికి పెద్దరికం తెచ్చుకుంది. "బీరువాలో పెడితే డబ్బు పిల్లల్ని పెడుతుందా?" అని మా నాన్న అనేవారు, పొలం కొనమని. పిల్లలు చదువుకుని హైదరాబాదో అమెరికానో వెళ్ళిపోతే రెక్కలొచ్చి ఎగిరిపోయారంటాం. ఆ మాట అనే తల్లిదండ్రుల గొంతు ఒక్కోసారి వణుకుతుంది. మా వీధిలో చాలా ఇళ్ళల్లో విన్నాను.

బాతుల సంగతి చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. మావైపు బాతుగుడ్లని కోడి కింద పొదగెయ్యడం మామూలే. ఇళ్ళల్లో పెంచే బాతులు సరిగ్గా పొదగవు. వారం ముందు బాతుగుడ్లు పెట్టి, తర్వాత కోడిగుడ్లు కలిపితే అన్నీ ఒకేసారి పిల్లలవుతాయి. ఒక ఏడాది మా నల్లపెట్ట కింద నాలుగు బాతుగుడ్లు, ఆరు కోడిగుడ్లు పెట్టాం. పదీ లేచాయి. పది రోజుల వరకూ అంతా బాగానే ఉంది. ఒకరోజు పొద్దున్న పెట్ట వాటిని కాలువగట్టుకి తీసుకెళ్ళింది. మట్టి గీకుతూ పురుగుల్ని చూపిస్తోంది. బాతుపిల్లలు నాలుగూ వరసగా గట్టు దిగి, ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి జారిపోయాయి.

ఆ పెట్ట గోల నాకింకా చెవుల్లో ఉంది. ఈకలన్నీ లేపుకుని, రెక్కలు నేలకి రాస్తూ, గట్టు మీద ఆ చివర్నుంచి ఈ చివరికి పరిగెడుతోంది. కాళ్ళు తడిసేదాకా నీళ్ళలో దిగి మళ్ళీ వెనక్కి వస్తోంది. ఆరు కోడిపిల్లలు గట్టు మీద గుంపుగా నిలబడి కియ్ కియ్ మంటున్నాయి. బాతుపిల్లలు మాత్రం మెడలు ముంచి లేపుతూ, పసుపు ముద్దల్లాగా గుర్రపుడెక్క మధ్య తిరుగుతున్నాయి. ఎదురుగట్టు మీద బట్టలుతుకుతున్న పెద్దావిడ చెయ్యి ఆపి, "నీ పిల్లలు కావే తల్లీ అవి, బాతుపిల్లలు, వాటికేం కాదు" అంది పెట్టతో. పక్కనున్న మా అమ్మ ఊరుకోలేదు. "ఎవరి పిల్లలైతేనేం అత్తా, పొదిగింది అదే కదా" అంది.

పెద్దావిడ చెప్పింది జాతి పేరు, బాతుపిల్ల. మా అమ్మ చెప్పింది సంబంధం, దాని పిల్లలు. రెండూ నిజమే, రెంటికీ మాట ఒకటే. డక్లింగ్ అంటే మొదటిదొక్కటే తెలుస్తుంది. మీ బాబుకి ఇది కథలాగా చెప్పి, ఆ నాలుగూ ఎవరి పిల్లలో వాణ్ణే అడగండి.

ఆ పెట్టకి ఊళ్ళో ఇంకో పేరు కూడా ఉంది, పిల్లలకోడి. పిల్లల్ని వెంటేసుకుని తిరిగే కోడిని పెట్ట అనడం మానేసి పిల్లలకోడి అంటారు. ఇక్కడ పేరు తల్లిది, పిల్లల్ని బట్టి వచ్చింది. మా ఊళ్ళో పిల్లలకోడి జోలికి కుక్కలు కూడా పోవు. ఒక్కటే భయం, గద్ద. నీడ పడగానే అది చేసే కూతకి పిల్లలన్నీ రెక్కల కిందకి దూరిపోతాయి, పది కాళ్ళూ రెండు ముక్కులూ మాత్రం బయటికి కనిపిస్తుంటాయి. బడి పిల్లలు ఒకరి వెనక ఒకరు చొక్కాలు పట్టుకుని నిలబడి ఆడే గద్ద ఆట దీన్ని చూసి పుట్టిందే. ముందున్నవాడు తల్లికోడి, చేతులు చాపుకుని అడ్డుపడతాడు. ఆఖరున నిలబడ్డ చిన్నవాడే ఎప్పుడూ దొరికేది.

పిల్లలకోడి ఆకాశంలో కూడా ఉంది. కృత్తికల్ని మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు. ఒకచోట ముద్దగా చేరిన ఆ చిన్న చుక్కల్ని కంటితో చూస్తే ఆరు కనిపిస్తాయి, చూపు మంచిదైతే ఇంకొకటి. పురాణంలో అవి కుమారస్వామికి పాలిచ్చిన ఆరుగురు తల్లులు. మా నాన్న రాత్రిపూట చేనికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళేటప్పుడు పిల్లలకోడి ఎంత ఎత్తుకొచ్చిందో చూసి పొద్దు లెక్కపెట్టేవారు. సంక్రాంతికి మీరు పాలకొల్లు వస్తే, రాత్రి ఎనిమిది గంటలకి డాబా మీదకి తీసుకెళ్ళి బాబుని తల పూర్తిగా వెనక్కి వాల్చమనండి. ఆ వేళకి అది దాదాపు నడినెత్తికి వస్తుంది. లైట్లు ఆర్పేసి చూస్తే పిల్లలు ఎన్నున్నాయో వాడే లెక్కపెడతాడు.